కాలఖండం



చాలా రోజుల తరువాత ఒక పొడుగాటి టపా వ్రాస్తున్నాను. తెలుగు పండితుడికి చేప కార్జంతో పనేమిటని కొందరు నవ్వవచ్చు. నవ్వినా సరే, చివరిదాకా చదవండి. ఇందులో అమరకోశంలోని ఒక మాట ఉంది, ఒక తెలుగు కావ్యం ఉంది, నాలుగున్నర శతాబ్దాలు దాటిన ఒక చెరువు ఉంది. ముప్పయ్యేళ్ళుగా నన్ను వదలని ఒక తప్పు కూడా ఉంది. అది నేను చేసినదే.

మేముండేది అమీర్‌పేటలో, మైత్రీవనం వెనుక సందులలో. ఆదివారం ఉదయం మా సందు మొదట్లో ఒక చేపల బండి ఆగుతుంది. నేను చేపలు తినను. మా పక్కింటాయన తింటాడు. ఆయనకు తోడుగా వెళ్ళి మాటలాడుతూ నిలబడడం నా అలవాటు. పోయిన వారం ఆయన ఒక రవ్వచేపను చూపించి, "ఏ చెరువుదమ్మా ఇది?" అని అడిగాడు. ఆమె కత్తిపీట మీదినుండి తల ఎత్తకుండానే, "హుస్సేన్‌సాగర్‌ది గాదు సారూ, బేఫికర్‌గ తీస్కపోండ్రి" అంది. చుట్టూ ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆమె చేప కడుపు చీల్చి పేగులూ కార్జమూ తీసి పక్కకు వేసింది. అక్కడే కాచుకొని ఉన్న పిల్లి వాటిని నోట కరచుకొని పోయింది. ఇంటికి వచ్చాక ఆ నవ్వు నాకు అంత సుఖంగా అనిపించలేదు. ఒక రాజు కట్టించిన చెరువు, ఒకనాడు ఊరి దాహం తీర్చిన చెరువు, మా ఇంటికి నడచిపోయేంత దూరంలో ఉన్న చెరువు. దాని పేరు చెబితే సరుకు అమ్ముడుపోదు, దానిది కాదని చెబితేనే పోతుంది. ఈ స్థితి ఒక్కరోజులో వచ్చినది కాదు. ఎలా వచ్చిందో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా మాట సంగతి. కార్జం అని మనం ఇంట్లో అనేదాన్ని పుస్తకాలలో కాలేయం అంటాం. అమరకోశం మనుష్యవర్గంలో దీనికి యకృత్తు, కాలఖండం అని రెండు పేర్లు ఉన్నాయి. కాలమంటే ఇక్కడ నలుపు. నల్లని ముక్క కనుక కాలఖండం. నేటి తెలుగులో ఈ మాటకు ఆ అర్థం పోయింది. కాలఖండమంటే ఇప్పుడు కొంత కాలవ్యవధి, ఒక యుగం, ఒక దశ. చేప కార్జం విషయంలో ఈ రెండర్థాలూ ఒకటేనని నేను క్రమంగా గ్రహించాను. ఆ నల్లని ముక్కలో కొంత కాలపు చరిత్ర దాగి ఉంటుంది.

ఇక చెరువు. హుస్సేన్‌సాగర్ 1562-63 ప్రాంతంలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా ఏలుబడిలో తయారైంది. హైదరాబాదు నగరం పుట్టినది 1591లో. అంటే ఊరికంటె చెరువే పెద్దది, దాదాపు ఒక తరం పెద్దది. కట్టించే పని చూసినవారు హజరత్ హుస్సేన్‌షా వలీ. రాజు తన పేరు పెట్టాలనుకొన్నాడనీ, జనం మాత్రం కట్టినవాని పేరుతోనే పిలిచారనీ ఒక కథ చెప్పుకొంటారు. మూసీనది నుండి బల్కాపూర్ కాలువ ద్వారా నీరు తెచ్చి దీనిని నింపారు.

ఈ ఇబ్రహీం తెలుగువారికి పరాయివాడు కాడు. గద్దె నెక్కకముందు ఏడేళ్ళు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో ఉన్నాడు, తెలుగు రుచి ఎరిగినవాడు. మన కవులు ఆయనను మల్కిభరాముడని తెలుగు చేసుకొని పిలుచుకొన్నారు. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన కొలువులోని అమీన్‌ఖాను పొట్లచెరువులో, అంటే నేటి పటాన్‌చెరులో ఉండేవాడు. అతని ఆదరంతోనే పొన్నిగంటి తెలగనార్యుడు యయాతిచరిత్ర వ్రాసి అతనికి అంకితమిచ్చాడు. తత్సమాలు లేకుండా అచ్చతెలుగులో వచ్చిన తొలి కావ్యంగా దానికి పేరు. అమీన్‌ఖాను సమాధి ఇప్పటికీ పటాన్‌చెరులోనే ఉంది. హుస్సేన్‌సాగరూ యయాతిచరిత్రా ఒకే రాజు కాలపు పంటలు. ఈ సంగతి మనసులో ఉంచుకోండి, మళ్ళీ పటాన్‌చెరుకు వెళ్ళవలసి ఉంది.

1908 మూసీ వరద తరువాత ఉస్మాన్‌సాగర్ 1920లోనూ, హిమాయత్‌సాగర్ 1927లోనూ వచ్చాయి. అవి వచ్చేదాకా నగరం త్రాగిన నీళ్ళలో హుస్సేన్‌సాగర్ నీళ్ళూ ఉండేవి. ఆ తరువాత దీని మీద ఊరికి అక్కర తగ్గింది. 1946లో సర్ మీర్జా ఇస్మాయిల్ దివానుగా ఉన్నప్పుడు కట్టను వెడల్పు చేయించాడు. కట్ట షికారుకు పనికివచ్చింది. నీటి గతి ఎవరికీ పట్టలేదు. త్రాగే నీళ్ళయితే ఎవరో ఒకరు కావలి ఉంటారు. చూసే నీళ్ళకు కావలి ఎవరుంటారు?

చెరువులోకి ఇప్పుడు నాలుగు ప్రవాహాలు వస్తాయి. కూకట్‌పల్లి నాలా, పికెట్ నాలా, బంజారా నాలా, బల్కాపూర్ నాలా. మొదట మూసీ నీటిని తెచ్చిన కాలువ కూడా ఈ జాబితాలో నాలాగానే ఉందని గమనించండి. కాలువ అన్న మాట పోయి నాలా అన్న మాట నిలిచిందంటే, నీళ్ళు వచ్చే దారి మురుగు వచ్చే దారి అయిందనే అర్థం.

మా పేటల పేర్లలోనూ కొంత చరిత్ర ఉంది. పంజాగుట్టలో పంజా అంటే అరచేయి, గుట్ట మన తెలుగుమాట. రెండు భాషలు అక్కడ చేయి కలిపాయి. అమీర్‌పేట దాటి కొంచెం ముందుకు పోతే సనత్‌నగర్. ఉర్దూలో సనత్ అంటే పరిశ్రమ. ఆ పేరు ఊరికే పెట్టలేదు. నిజాము పాలన చివరి రోజులలోనే అటువైపు కర్మాగారాలు మొదలైనాయి. 1960లలో బాలానగర్‌లో ఐ.డి.పి.ఎల్. అనే ప్రభుత్వరంగ మందుల కర్మాగారం వచ్చింది. అందులో పని నేర్చినవారు బయటికి వచ్చి స్వంతంగా కర్మాగారాలు పెట్టుకొన్నారు. మందులు, రసాయనాలు, లోహపు పూతలు, చిన్న చిన్న యంత్రాల పనులు బాలానగర్, జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరుల దాకా వ్యాపించాయి. నేను వీటిని తిట్టడానికి కూర్చోలేదు. నా దగ్గర చదువుకొన్న పిల్లలలో చాలామంది తండ్రులకు అన్నం పెట్టినవి అవే. దేశానికి చౌకగా మందులు అందించినవీ అవే. కానీ కూకట్‌పల్లి నాలా ఆ పరిశ్రమల మధ్యనుండి, ఇళ్ళ మధ్యనుండి పారి బేగంపేట మీదుగా హుస్సేన్‌సాగర్‌లో కలుస్తుంది. అది ఏమి మోసికొని వస్తే చెరువు దానిని పుచ్చుకొన్నది.

పరిశ్రమలను మాత్రమే అని ఊరుకొంటే అన్యాయం. మా అమీర్‌పేట, పంజాగుట్ట కూడళ్ళ వంతు కూడా ఉంది. 2000లో మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం పూర్తిగా ఆగిపోయింది. అంతకుముందు కొన్ని దశాబ్దాలు పెట్రోలు బండ్ల పొగలో సీసం ఉండేది. అది రోడ్డు మీది దుమ్ములో కలిసేది, వాన వస్తే కొట్టుకొని పోయేది. టైరు అరిగితే జింకు రాలుతుంది, బ్రేకు అరిగితే రాగి రాలుతుంది. పెద్దవాన వస్తే మైత్రీవనం దగ్గర మోకాటిలోతు నీళ్ళు నిలవడం ఈ ప్రాంతంలో ఉన్నవారికందరికీ తెలుసు. ఆ నీళ్ళు ఎటో ఒకవైపు పోవాలి గదా. పల్లం చెరువు వైపే ఉంది. 1993లోనే ఒక విదేశీ శాస్త్రపత్రికలో హుస్సేన్‌సాగర్ చుట్టుపక్కల భూగర్భజలాలలో సీసం, కాడ్మియం, నికెల్, జింకు కలుషితాన్ని గురించి ఒక పరిశోధనపత్రం వచ్చింది. అంటే అప్పటికే చెరువు గట్టు దాటి, నేల క్రిందికి కూడా విషయం చేరింది.

భారలోహాలకు ఒక స్వభావం ఉంది. ఇంటి మురుగు నీటిలో చేరితే దానిని సూక్ష్మజీవులు తిని విరగ్గొడతాయి. సీసాన్ని, కాడ్మియాన్ని ఏ జీవీ విరగ్గొట్టలేదు. అది మూలకం. నీటిలోనుండి పోతే అడుగు బురదలో చేరుతుంది, బురద కదిలితే మళ్ళీ నీటిలోకి వస్తుంది, లేదా ఒక ప్రాణి ఒంట్లో చేరుతుంది. నశించదు. ఆత్మను గురించి గీత చెప్పినదాన్ని ఇక్కడ లోహానికి చెప్పుకోవలసి వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు.

అది చేప ఒంట్లోకి రెండు దారులలో పోతుంది. ఒకటి మొప్పలు, రెండవది మేత. చేప నీటిలోని కాల్షియాన్ని మొప్పలతో లోపలికి తీసికొంటుంది. కాడ్మియం ఆ కాల్షియపు ద్వారంలోనుండే లోపలికి దూరుతుంది. నీటిలో సున్నం ఎక్కువగా ఉంటే ఈ దూరడం కొంత తగ్గుతుంది. మృగాల, బంగారుతీగ వంటి చేపలు అడుగున బురదలో మేస్తాయి కనుక బురదలోని లోహం మేతతోపాటు వాటి కడుపులోకి చేరుతుంది. అక్కడినుండి రక్తంలోకి, రక్తంలోనుండి కార్జానికి.

కార్జం ఇల్లు కనిపెట్టుకొని ఉండే పెద్ద ముత్తైదువ వంటిది. ఏది వచ్చినా ముందు తానే పట్టుకొంటుంది. దాని చేతిలో మెటల్లోథయొనిన్ అనే ప్రోటీను ఉంది. 1957లో గుఱ్ఱపు మూత్రపిండంలో, కాడ్మియాన్ని పట్టి ఉంచే పదార్థంగా దీనిని మొదట గుర్తించారు. చేప కార్జంలో లోహం చేరినకొద్దీ ఈ ప్రోటీను ఎక్కువగా తయారవుతుంది. రాగి, జింకు ప్రాణికి కొద్దిగా కావలసినవే, వాటిని ఇది లెక్కగా ఖర్చుపెడుతుంది. కాడ్మియం, పాదరసం ఎందుకూ కొరగానివి, వాటిని కట్టి పక్కన పెడుతుంది. ఇంతవరకు చేపకు పైకి ఏ హానీ కనబడదు.

కట్టివేయడానికి తాడు చాలనప్పుడు చిక్కు మొదలవుతుంది. విడిగా తిరిగే లోహం కణాలను గాయపరుస్తుంది. సూక్ష్మదర్శిని క్రింద చూస్తే కార్జపు కణాలలో ఖాళీ బుడగల వంటి మచ్చలు, కొవ్వు చుక్కలు, అక్కడక్కడ చనిపోయిన కణాల గుంపులు, వెడల్పయిన రక్తపు సందులు కనిపిస్తాయి. కణాల లోపల ఉండవలసిన ఎంజైములు రక్తంలోకి కారుతాయి. మన రక్తపరీక్షలో కాలేయం సంగతి తెలుసుకోవడానికి చూసే ఎంజైములే అవి. పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రిలో మనిషికి చేసే పరీక్షకూ, ప్రయోగశాలలో చేపకు చేసే పరీక్షకూ సూత్రం ఒకటే. కార్జంలో దాచుకొన్న గ్లైకోజెన్ అనే శక్తినిల్వ తగ్గిపోతుంది. పరిగెత్తవలసిన వేళ చేప అలసిపోతుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఆడచేప గుడ్లలోని పచ్చసొనకు కావలసిన ముడిసరుకు అండాశయంలో తయారు కాదు, కార్జంలో తయారవుతుంది. విటెల్లోజెనిన్ అని దానికి పేరు. అక్కడ తయారై రక్తంలో ప్రయాణించి అండాశయానికి చేరుతుంది. కార్జం చెడితే ఈ సరఫరా చెడుతుంది. చేప చావదు. ఈదుతుంది, మేస్తుంది, వలలోనూ పడుతుంది. వచ్చే తరం మాత్రం పలచబడుతుంది. ఈ మాట నేను ఎన్నో ఏళ్ళ తరువాత ఒక పుస్తకంలో చదివి ఆగిపోయాను. ఎందుకు ఆగిపోయానో చివర చెబుతాను.

కొర్రమీను సంగతి కూడా చెప్పాలి. 2016లో తెలంగాణ దానిని రాష్ట్రచేపగా ప్రకటించింది. మృగశిరకార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఉబ్బసపు రోగుల నోట వేసేదీ కొర్రమీను పిల్లనే. దీనికి పైకి వచ్చి గాలి పీల్చే శక్తి ఉంది. కనుక ప్రాణవాయువు తగ్గిన మురికినీటిలో రవ్వ, బొచ్చె చచ్చిపోయినా ఇది బ్రతుకుతుంది. "నీళ్ళు బాగానే ఉన్నాయి, చేపలున్నాయిగా" అని మనం అనుకొనేది ఇటువంటి గట్టి ప్రాణులను చూసే. అది బ్రతికి ఉండడం దాని ఓర్పును చెబుతుందే కాని నీటి మంచితనాన్ని చెప్పదు.

ఇక్కడ తినేవారికి ఒక మాట. భయపెట్టడం నా ఉద్దేశం కాదు. సీసం, కాడ్మియం చేప కార్జం, మూత్రపిండాలు, మొప్పలలో చేరినంతగా కండలో చేరవు. మన ఇళ్ళలో అవి తీసి పారవేసే తింటారు. పాదరసం మాత్రం వేరు. దాని మిథైల్ రూపం కండలోనే చేరుతుంది, కడిగినా వండినా పోదు. నగరంలో అమ్మే చేపలలో పెద్దభాగం దూరపు చెరువులనుండి, ఆంధ్రప్రాంతపు చేపల గుంటలనుండి వచ్చేవే. కనుక మా పక్కింటాయన ఆదివారపు పులుసుకు వచ్చిన ముప్పేమీ లేదు. ముప్పు వచ్చినది చేపకు, చేపను నమ్ముకొన్న కుటుంబానికి, ఆ కార్జాన్ని తిన్న పిల్లికి.

పిల్లి అన్నాను గనుక జపాను కథ చెప్పక తప్పదు. మినమాటా అనే సముద్రతీరపు ఊరిలో ఒక రసాయన కర్మాగారం 1932 నుండి 1968 దాకా పాదరసం కలిసిన నీటిని అఖాతంలోకి వదిలింది. మనుషులకంటె ముందు అక్కడి పిల్లులకు పిచ్చెత్తినట్లయింది. అవి గిరగిర తిరిగి, నీళ్ళలో పడి చచ్చేవి. చేపల వ్యర్థాలు తినేవి అవే గదా. 1956 మే 1న మనుషుల జబ్బు అధికారికంగా నమోదైంది. 1959లో ఆ కర్మాగారపు ఆసుపత్రి వైద్యుడు హొసొకావా వ్యర్థజలాన్ని మేతలో కలిపి ఒక పిల్లికి పెట్టి చూశాడు. పిల్లికి అదే జబ్బు వచ్చింది. ఆ ఫలితాన్ని బయటికి రానీయలేదు. ప్రభుత్వం కారణాన్ని ఒప్పుకొన్నది 1968లో. పన్నెండేళ్ళు! మన దగ్గర మినమాటా వచ్చిందని నేను అనడం లేదు. కథలోని వరుసను మాత్రం చూడమంటున్నాను. ముందు నీరు, తరువాత చేప, తరువాత పిల్లి, తరువాత బీదవాడు, అందరికంటె చివర కాగితం.

ఇప్పుడు పటాన్‌చెరుకు వెళదాం. అమీర్‌పేట నుండి ఎర్రగడ్డ, కూకట్‌పల్లి దాటి అదే బొంబాయి రోడ్డు మీద నేరుగా పోతే వస్తుంది. 1970ల నుండి అక్కడ పారిశ్రామికవాడ పెరిగింది. దాని వ్యర్థజలాలు నక్కవాగులో పడి మంజీరకు చేరేవి. జలకాలుష్య నివారణ చట్టం 1974లో వచ్చింది, రాష్ట్రంలో కాలుష్య నియంత్రణ మండలి 1976లో ఏర్పడింది. చట్టమూ పరిశ్రమా ఇంచుమించు ఒకేసారి పుట్టి, ఒకదాని నొకటి చూడకుండా పెరిగాయి. 1990లో వాగు వెంబడి గ్రామాల బాధ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. డాక్టర్ కిషన్‌రావు వంటి స్థానికులు ఆ పోరాటాన్ని ఏళ్ళ తరబడి మోశారు. 2001లో ఆ వ్యాజ్యం హైకోర్టుకు బదిలీ అయింది. అదే సంవత్సరం జాతీయ భూభౌతిక పరిశోధనసంస్థ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు నేలలో భారలోహాలు చేరిన తీరును ప్రచురించారు. 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి ఉమ్మడి శుద్ధికేంద్రం నుండి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని లెక్క తేల్చారు. అది లోహం కాదు, కానీ శుద్ధి అయిన నీరు అన్న మాటకు అర్థమేమిటో ప్రపంచానికి తెలిసింది.

తరువాత జరిగినది మరీ విచిత్రం. ఆ శుద్ధికేంద్రపు నీటిని గొట్టాల ద్వారా నగరపు మురుగులో కలిపి అంబర్‌పేట శుద్ధికేంద్రానికి చేర్చే ఏర్పాటు చేశారు. అంటే మంజీరకు పోయేది మూసీకి మళ్ళింది. మురుగుశుద్ధి కేంద్రం సేంద్రియపు మురికిని తగ్గిస్తుంది. లోహాన్ని మాయం చేయదు. కొంత బురదలో దిగుతుంది, కొంత నీటితో పోతుంది. హుస్సేన్‌సాగర్ విషయంలోనూ ఇదే తంతు. 2006లో జపాను అప్పుతో మొదలైన బాగుసేత పథకంలో నాలాల మురుగును మళ్ళించారు, నాలాలు కలిసే చోట పేరుకొన్న పూడిక తీశారు. కొంత మేలు జరిగింది, కాదనను. కానీ వర్షాకాలంలో నాలా పొంగితే మళ్ళింపు గోడ దాటి నీరు చెరువులోకే వస్తుంది.

2017 అక్టోబరులో పటాన్‌చెరు దగ్గరి గండిగూడెం చెరువులో చేపలు గుట్టలుగా చచ్చి తేలాయి. మత్స్యకారులు వాటిని ఒడ్డుకు లాగి పోసిన ఫోటోలు పత్రికలలో మీరూ చూసి ఉంటారు. ఆ పక్కనే అమీన్‌పూర్ చెరువు. జీవవైవిధ్య వారసత్వ స్థలంగా 2016లో గుర్తింపు పొందినది. ఆ ఊరి పేరు వింటే నాకు అమీన్‌ఖాను గుర్తుకు రాక మానడు, అతనితోపాటు యయాతి కూడా.

యయాతి కథ మీకు తెలిసినదే. శుక్రాచార్యుని శాపంతో ముదిమి వచ్చింది. భోగాల మీద కోరిక తీరలేదు. కొడుకులను పిలిచి, నా ముసలితనం తీసికొని మీ వయసు ఇవ్వండని అడిగాడు. పెద్దకొడుకులు కాదన్నారు. చిన్నవాడు పూరుడు ఇచ్చాడు. వేయేళ్ళు ఆ యౌవనంతో సుఖపడి, కోరిక తీరేది కాదని తెలిసి, చివరకు కొడుకు వయసు కొడుక్కు ఇచ్చివేశాడు. ఈ కథ తొలిసారి అచ్చతెలుగులో పలికినది పటాన్‌చెరు గడ్డమీద. నాలుగు శతాబ్దాల తరువాత మా తరం అదే గడ్డమీద పిల్లల నీళ్ళు తీసికొని మా ముసలినీళ్ళు వాళ్ళకిచ్చింది. ఒక్క తేడా ఉంది. పూరుడిని అడిగారు. ఈ పిల్లలను ఎవరూ అడగలేదు. మరి యయాతి చేసిన ఆ చివరి పనైనా మనం చేస్తామా?

చేయడానికి దారి లేకపోలేదు. అమెరికాలో ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపాయలో 1980ల చివరినుండి ఒక బల్లపరుపు చేప కార్జాన్ని క్రమం తప్పకుండా పరీక్షిస్తూ వస్తున్నారు. అక్కడ ఈగిల్ హార్బర్ అనే రేవులో కొయ్యకు పూసే తారునూనె బురదలో చేరి చేపల కార్జాలకు పుండ్లు పడ్డాయి. 1990లలో ఆ బురదను మంచి ఇసుకతో కప్పారు. కొన్నేళ్ళలో కార్జపు జబ్బులు స్పష్టంగా తగ్గాయని లెక్కలతో తేలింది. అది లోహం కాదు, రసాయనం. అయినా నాకు ధైర్యమిచ్చిన సంగతి ఏమిటంటే, చెరువు బాగుపడితే ఆ మాట చేప కార్జం చెబుతుంది. చెడిన మాటనే కాదు, బాగుపడిన మాటనూ చెబుతుంది.

మన మండలి వారు చెరువుల నీటిని నెలనెలా పరీక్షిస్తారు. మంచి పనే. కానీ సీసాలో పట్టిన నీరు ఆ పూట సంగతి చెబుతుంది. మొన్న రాత్రి నాలాలోకి ఎవరేమి వదిలారో ఇవాళ్టి సీసాకు తెలియదు. చేప కార్జానికి తెలుసు, అది నెలల తరబడి కూడబెట్టుకొన్నది. ఏటా వర్షాకాలం వెళ్ళాక హుస్సేన్‌సాగర్‌లోనూ, పటాన్‌చెరు చెరువులలోనూ కొన్ని చేపలు పట్టి, కార్జాలు పరీక్షించి, ఆ లెక్క తెలుగులో అందరికీ కనబడేలా పెడితే చాలు. పదేళ్ళు పెడితే అది చరిత్ర అవుతుంది. మండలి కార్యాలయం సనత్‌నగర్‌లోనే ఉంది. చెరువు అక్కడికి ఎంతో దూరం లేదు. జనం ఒప్పుకొంటే కొన్ని మారుతాయన్నదానికి మా పక్కనే సాక్ష్యం ఉంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలను సాగర్‌లో వేయరాదని 2021లో హైకోర్టు అన్నది. ఆ ఏటికి సుప్రీంకోర్టు సడలింపు ఇచ్చింది. 2022లో ఖైరతాబాదు గణపతి, 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలైన ఆ గణపతి, యాభై అడుగుల ఎత్తున పూర్తిగా మట్టితోనే వెలిశాడు. భక్తి ఏమీ తగ్గలేదు.

ఇక నా తప్పు.

1990ల మొదట్లో నేను ఆ పరిశ్రమల వైపు ఒక ఉన్నతపాఠశాలలో తొమ్మిదవ తరగతికి తెలుగు చెప్పేవాణ్ణి. ఒకసారి "మా ఊరి చెరువు" అని వ్యాసం వ్రాయమన్నాను. నేను ఎదురుచూసినవి తామరపూలు, కలహంసలు, నీళ్ళబిందెల పడుచులు. అందరూ అవే వ్రాశారు, ఎప్పుడూ హంసను చూడనివాళ్ళు కూడా. వెనుక వరుసలో ఒక మత్స్యకారుల పిల్లవాడు ఉండేవాడు. వాడు ఒక్క పేజీయే వ్రాశాడు. వాళ్ళ చెరువులో చేపలు చస్తలేవట, కానీ గుడ్లు పెడ్తలేవని వాళ్ళ నాయన అంటడట. కోసి చూస్తే కార్జం మునుపటిలెక్క నల్లగుండదట, పాలిపోయి ఉంటదట.

నేను ఎర్రసిరాతో చస్తలేవు కొట్టివేసి చనిపోవుటలేదు అని దిద్దాను. కార్జం కొట్టివేసి కాలేయము అని దిద్దాను. అడుగున "విషయమునుండి తొలగినది" అని వ్రాసి పదికి మూడు మార్కులు వేశాను. వాడు ఏమీ అనలేదు. పుస్తకం తీసికొని వెళ్ళి కూర్చున్నాడు. మరుసటి ఏడాది బడికి రాలేదు. ఇంకేదో పనిలో పెట్టారని పిల్లలు చెప్పారు.

పచ్చసొన కార్జంలో తయారవుతుందని చదివిన రోజున నేను ఆగిపోయినది ఇందుకే. ఒక చెరువులో ఒక తండ్రి చూసినదానికి కారణం లోహమే అని నేను తీర్పు చెప్పలేను. పరీక్షించినవారు లేరు. కానీ వలవేసేవాడు తన కళ్ళతో చూసి, కొడుకుకు చెప్పి, కొడుకు తన మాటలలో కాగితం మీద పెట్టిన సాక్ష్యం అది. మొట్టమొదట దాన్ని చదివిన చదువుకొన్నవాణ్ణి నేను. నేను చేసినది అక్షరదోషాలు దిద్దడం.

వాడిప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. నలభై అయిదు దాటి ఉంటుంది. ఆదివారం చేపలబండి దగ్గర నిలబడినప్పుడల్లా కొనేవాళ్ళ ముఖాలు, అమ్మేవాళ్ళ ముఖాలు చూస్తూ ఉంటాను. కనబడితే మార్కులు మారుస్తానని చెప్పడానికి నా దగ్గర ఇప్పుడు రిజిస్టరు లేదు. వాడు వ్రాసినది విషయంనుండి తొలగలేదనీ, నేనే తొలగాననీ మాత్రం చెప్పాలని ఉంది.

మీ ఊరి చెరువును గురించి, అందులో చేపలను గురించి మీ పెద్దలు చెప్పినవేమైనా ఉంటే వ్యాఖ్యలలో వ్రాయండి. వారి మాటలలోనే వ్రాయండి. నేను దిద్దను.

స్వస్తి.